యుద్ధకాలపు అమెరికాలో రాష్ట్ర రాజకీయాలు: పాత ఉత్తరాలు, ఫొటోలు వెతికి చదవడం ఎలా?

1942 నాటి గవర్నర్ ఆఫీసు ఫోల్డర్ తెరిస్తే చాలా కాగితాల పైమూలన గోధుమరంగు తుప్పు మరక ఒకటి కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ క్లిప్పు ఉండేది. ఊళ్ళోంచి వచ్చిన ఉత్తరాన్నీ, దానికి గవర్నర్ పంపిన జవాబు నకలునూ కలిపి పట్టుకున్న క్లిప్పు అది. తర్వాతెప్పుడో దాన్ని జాగ్రత్తగా తీసేశారు, మరక మిగిలింది. రెండు కాగితాల మీద ఒకే చోట, ఒకే ఆకారంలో మరక ఉంటే అవి జంట కాగితాలని అనుకోవచ్చు. నేను ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ మరక చుట్టూనే తిరుగుతుంది. ఉత్తరాన్ని ఒంటరిగా చదవకండి, జవాబుతో కలిపి చదవండి.

అమెరికాలో పిల్లల చేత నేషనల్ హిస్టరీ డే (బడిపిల్లల చరిత్ర పోటీ) ప్రాజెక్టు చేయిస్తున్న తల్లిదండ్రులకూ, ఇక్కడే ఉండి అమెరికా చరిత్ర మీద పనిచేస్తున్న విద్యార్థులకూ పనికొస్తుందని రాస్తున్నాను. సగానికి పైగా పని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మన కళ్ళు వాషింగ్టన్ వైపు పోతాయి. కానీ సైన్యంలోకి ఎవరిని పిలవాలో తేల్చే స్థానిక డ్రాఫ్ట్ బోర్డుల సభ్యులను అధ్యక్షుడు నియమించింది గవర్నర్ల సిఫారసు మీదే. దూరదేశంలో ఉన్న సైనికుడి ఓటు చెల్లుతుందా లేదా అన్నదీ రాష్ట్రాల్లోనే తేలింది. అందుకే కొడుకును సైన్యానికి పంపిన తండ్రి, పంటకోతకు మనుషులు దొరకని రైతు గవర్నర్‌కే ఉత్తరం రాసేవారు. ఆ కాగితాలు ఇప్పటికీ పెట్టెల్లో ఉన్నాయి.

మొదటి పని: ప్రశ్నను చిన్నది చేసుకోవడం

"యుద్ధకాలంలో అమెరికా రాజకీయాలు" అని వెతికితే కాగితాల సముద్రంలో పడతారు. ఒక రాష్ట్రం, ఒక గవర్నర్, ఒక ఏడాది తీసుకోండి. నేను ఇక్కడ కొలరాడో, 1942 తీసుకుంటాను.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. దాని కింద పడమటి తీరం నుంచి సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వారిని ఇళ్ళు ఖాళీ చేయించి శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. ఏప్రిల్ 7న సాల్ట్ లేక్ సిటీలో, ఈ పనికోసం కొత్తగా పెట్టిన వార్ రీలొకేషన్ అథారిటీ అధిపతి మిల్టన్ ఐసన్‌హోవర్ పడమటి రాష్ట్రాల గవర్నర్లను కలిశారు. మా రాష్ట్రంలోకి వద్దని కొందరు, తెస్తే కాపలా మధ్యే ఉంచాలని కొందరు పట్టుబట్టారు. కొలరాడో గవర్నర్ రాల్ఫ్ కార్ మాత్రం వేరే మాట మాట్లాడారు. ఆయన రిపబ్లికన్. నేరం మోపకుండా పౌరులను బంధించడం రాజ్యాంగానికి విరుద్ధమని బహిరంగంగా చెబుతూనే, తమ రాష్ట్రం వారికి చోటిస్తుందన్నారు. ఆ ఆగస్టులో కొలరాడో ఆగ్నేయ మూలన, గ్రనాడా ఊరి పక్కన ఆమాచీ శిబిరం తెరిచారు. ఒక దశలో అక్కడ 7,300 మందికి పైగా ఉన్నారు. నవంబరులో కార్ సెనేట్‌కు పోటీచేసి ఎడ్విన్ జాన్సన్ చేతిలో కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఇప్పుడు ప్రశ్న ఇలా పెట్టుకోవచ్చు: 1942 మార్చి నుంచి నవంబరు దాకా కొలరాడో జనం తమ గవర్నర్‌కు ఏం రాశారు, ఆయన వారికి ఏమని జవాబిచ్చారు? ఇది రెండు మూడు వారాల్లో పట్టుకోగలిగిన ప్రశ్న.

కార్ కథ వద్దనుకుంటే జార్జియా చూడండి. గవర్నర్ ఎల్లిస్ ఆర్నల్ హయాంలో, 1943లో, దేశంలో మొట్టమొదటగా ఓటు వయసును 18కి తగ్గించిన రాష్ట్రం అది. లేదా సైనికుల ఓటు గొడవ పట్టుకోండి. 1944 చట్టం ప్రకారం, సైనికుల కోసం కేంద్రం ఇచ్చే ఫెడరల్ బ్యాలెట్ తమ రాష్ట్ర చట్టం కింద చెల్లుతుందో లేదో ప్రతి గవర్నర్ ధ్రువీకరించాలి. ఏ రాష్ట్రం తీసుకున్నా ఆ ఏడాది కాగితాల్లో దీని జాడ వెతకవచ్చు.

రెండో పని: కాగితాలు ఎక్కడికి చేరాయో తెలుసుకోవడం

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. సాధారణంగా గవర్నర్ ఆఫీసు అధికారిక కాగితాలు ఆ రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరతాయి. కార్ ఆఫీసువైతే డెన్వర్‌లోని కొలరాడో స్టేట్ ఆర్కైవ్స్‌లో అడగాలి. అప్పట్లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌గా ఉండి, 1943లో గవర్నర్ అయిన ఎర్ల్ వారెన్ కాగితాలు శాక్రమెంటోలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అదే మనిషి ఇంట్లో దాచుకున్న సొంత ఉత్తరాలు చారిత్రక సంఘానికో విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో వెళ్ళి ఉండవచ్చు. సెనేటర్ల ఆఫీసు కాగితాలు వారి సొంత ఆస్తి కిందే లెక్క, కాబట్టి అవి ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లో దొరుకుతాయి.

ఫెడరల్ ప్రభుత్వం వైపు కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. వార్ రీలొకేషన్ అథారిటీవి రికార్డ్ గ్రూప్ 210. ఈ అంకె గుర్తుపెట్టుకుంటే వెతుకులాటలో చాలా సమయం కలిసొస్తుంది. ఆ సంస్థ తీయించిన ఫొటోలు మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో ఉన్నాయి, కేటలాగ్‌లో వేలాదిగా ఉచితంగా చూడవచ్చు. ఊళ్ళు, ఫ్యాక్టరీలు, యుద్ధ బాండ్ల ర్యాలీల ఫొటోలకైతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వెళ్ళండి. ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్, ఆఫీస్ ఆఫ్ వార్ ఇన్ఫర్మేషన్ అనే రెండు ప్రభుత్వ సంస్థలు తీయించిన సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగటివ్‌లు, దాదాపు 1,600 రంగు ఫొటోలు అక్కడున్నాయి.

ఒక్కో ఉత్తరానికి రెండు చివరలుంటాయని మరచిపోవద్దు. కార్ వాషింగ్టన్‌కు రాసిన ఉత్తరం అసలు ప్రతి వాషింగ్టన్ ఫైళ్ళలో ఉంటుంది, డెన్వర్‌లో దాని నకలే ఉంటుంది. ఒకచోట కనబడకపోతే రెండోచోట అడగండి.

మూడో పని: అప్పటి మాటలతోనూ, ఇప్పటి మాటలతోనూ వెతకడం

1942లో అధికారులు "ఎవాక్యుయేషన్", "రీలొకేషన్" అని రాశారు. వరదలొస్తే జనాన్ని తరలించినట్టు వినిపించే మెత్తని మాటలు అవి. ఈనాటి చరిత్రకారులు "ఇన్‌కార్సరేషన్" (నిర్బంధం) అంటున్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2021లో తన విషయ శీర్షికను మార్చి "ఫోర్స్‌డ్ రిమూవల్" (బలవంతపు తరలింపు) అన్న మాట చేర్చింది. పాత కేటలాగులు పాత మాటలతోనే ఉన్నాయి, కాబట్టి రెండు రకాలుగానూ వెతకాలి. ఉత్తరాల్లో, పత్రికా శీర్షికల్లో జాతిని కించపరిచే పొట్టి మాట పదే పదే కనిపిస్తుంది. పిల్లలు చదువుతుంటే ముందే చెప్పి కూర్చోబెట్టండి.

మనవాళ్ళ జాడ వెతకాలనుకుంటే "హిందూ" అని కొట్టి చూడండి. ఏ మతం వారైనా భారతదేశం నుంచి వచ్చిన వారందరినీ అప్పటి అమెరికా కాగితాల్లో ఆ మాటతోనే రాసేవారు. 1940 జనాభా లెక్కల్లో జాతి గడిలో కూడా అదే మాట. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా భారతీయులకు పౌరసత్వానికి దారి మూసుకుపోయి ఉంది. మన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలో పనిచేసింది సరిగ్గా ఈ కాలంలోనే. ఓటు లేనివారి ఉత్తరాలను గవర్నర్ ఫైళ్ళలో వెతకడం కష్టం. వారి కోసం 1940 చట్టం కింద పద్నాలుగేళ్ళు నిండిన విదేశీయులందరూ వేలిముద్రలిచ్చి నింపిన రిజిస్ట్రేషన్ ఫారాలు ఉన్నాయి. అవి అమెరికా వలస శాఖవారి వంశచరిత్ర విభాగంలో రుసుము కట్టి అడగాలి.

నాలుగో పని: ఫైండింగ్ ఎయిడ్ చదివి, ఆర్కైవిస్టుకు రాయడం

ఫైండింగ్ ఎయిడ్ అంటే ఏ పెట్టెలో ఏ ఫోల్డర్ ఉందో చెప్పే జాబితా. అందులో ఒక్కో ఉత్తరం పేరు ఉండదు. "కరస్పాండెన్స్, జనరల్, ఎ నుంచి సి, 1942" అన్నట్టు ఉంటుంది. ఆఫీసువాళ్ళు పెట్టుకున్న వరుసనే ఆర్కైవ్స్‌వారు కాపాడతారు కాబట్టి ఆ వరుసే మీకొక సాక్ష్యం. ఒక విషయానికి వేరే ఫోల్డర్ తెరిచారంటే, దాని మీద అంతగా ఉత్తరాలు వచ్చాయన్నమాట.

తర్వాత ఆర్కైవిస్టుకు చిన్న ఈమెయిల్ రాయండి. మీరెవరో ఒక వాక్యం, మీ ప్రశ్న ఒక వాక్యం, తేదీల హద్దులు, మీరు చూడాలనుకున్న పెట్టె, ఫోల్డర్ నంబర్లు రాస్తే చాలు. ఆ ఫోల్డర్లు ఇప్పుడు చూడ్డానికి వీలుందా, స్కాన్ చేసి పంపితే ఎంతవుతుంది అని అడగండి. చివర్లో, జాబితాలో కనబడనిది ఈ విషయం మీద ఇంకేమైనా ఉందా అని తప్పకుండా అడగండి. ఏళ్ళ తరబడి ఆ పెట్టెల మధ్య తిరిగేవారు జాబితాకెక్కని ఫోల్డర్ ఎక్కడుందో చెప్పగలరు. నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చిన ప్రశ్న ఇదే.

ఐదో పని: చదువుకునే గదిలో

గుర్తింపు కార్డు, పెన్సిలు, ల్యాప్‌టాప్, ఫ్లాష్ ఆపిన ఫోను తీసుకెళ్ళండి. పెన్ను, సంచీ లోపలికి రానివ్వరు. ఒకసారి ఒక పెట్టె, అందులోంచి ఒక ఫోల్డర్. కాగితాల వరుస మార్చవద్దు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఉత్తరాలు గబగబా ఫొటోలు తీసుకుని, ఫోల్డర్ పైనున్న చీటీని తీయలేదు. ఇంటికొచ్చాక ఏది ఏ పెట్టెలోదో తెలియక, ఆ రోజు పనంతా మళ్ళీ చేయాల్సి వచ్చింది. ప్రతి ఫోల్డర్‌కూ ముందు చీటీ ఫొటో, తర్వాత ఉత్తరాలు, ప్రతి ఉత్తరానికీ ముందువైపుతోపాటు వెనకవైపు కూడా. కవరు ఉంటే కవరు కూడా.

ఆరో పని: ఉత్తరాన్ని చదవడం

విషయంలోకి పోకముందు కాగితాన్ని చూడండి. గీతల కాగితం మీద పెన్సిలుతో రాసిందా, సంఘం పేరు అచ్చయిన లెటర్‌హెడ్ మీద టైపు చేసిందా? లెటర్‌హెడ్ పక్కన కార్యవర్గం పేర్లు అచ్చయి ఉంటే అవి రాసిపెట్టుకోండి. ఒక ఊళ్ళో ఎవరు ఎవరితో ఉన్నారో అక్కడే తెలిసిపోతుంది. అందినట్టు వేసిన ముద్ర ఉంటే, రాసిన తేదీకీ దానికీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. మార్జిన్‌లో పెన్సిలుతో ఒక్క మాట గీకి ఉండవచ్చు. జవాబు ఎలా ఇవ్వాలో ఎవరో చెప్పిన మాట అది.

జవాబు నకలు చూడగానే తెలుస్తుంది. ఉల్లిపొరలా పల్చని కాగితం, పట్టుకుంటే గరగరలాడుతుంది, అక్షరాలు కార్బన్ వల్ల కాస్త అలుక్కుపోయి ఉంటాయి. సంతకం ఉండదు. అడుగున ఎడమ పక్క చూడండి. పెద్దక్షరాల్లో పొడి అక్షరాలు, పక్కన చిన్నక్షరాల్లో మరో రెండు మూడు. మొదటివి ఉత్తరం చెప్పి రాయించిన వారివి, రెండోవి టైపిస్టువి. మొదటి పొడి అక్షరాలు గవర్నర్‌వి కాకపోతే ఆ మాటలు కార్యదర్శివి కావచ్చు. "గవర్నర్ ఇలా అన్నారు" అని రాసేముందు ఇది తప్పనిసరిగా చూసుకోవాలి.

ఒకే మాటలున్న ఉత్తరాలు పదిమంది దగ్గర్నుంచి వస్తే ఎవరో కూడబలుక్కుని రాయించారని అర్థం. దాన్ని ప్రజాభిప్రాయం కింద లెక్కపెట్టకండి, ఉద్యమం కింద లెక్కపెట్టండి. జవాబుల్లోనూ అంతే. అందరికీ ఒకే మూస జవాబు పోయిందా, ఒకరికి మాత్రం రెండు పేజీలు పోయాయా? ఆ రెండు పేజీలు ఎవరికి, ఎందుకు వెళ్ళాయో పట్టుకుంటే ఆ గవర్నర్ మనసులో ఏముందో అంతుచిక్కుతుంది. కార్ కాగితాల్లో నేను మొదట వెతికేది దీన్నే. ఓట్లు పోతాయని తెలిసీ ఒక మాట మీద నిలబడిన మనిషి, తనను తిట్టిన వారికి ఏ గొంతుతో జవాబిచ్చారో అక్కడే వినాలి.

ఎదురెదురు కోరికలను పక్కపక్కన పెట్టి చూడండి. 1942 శరదృతువులో బీట్‌రూట్ జాతి చక్కెర దుంప తవ్వడానికి పడమటి రాష్ట్రాల్లో మనుషులు దొరకలేదు. శిబిరాల నుంచి వేలమంది తాత్కాలిక సెలవు మీద పొలాలకు వెళ్ళి ఆ పంట దక్కించారు. వసంతంలో మాకొద్దన్న జిల్లా నుంచే శరదృతువులో కూలీలను పంపమన్న ఉత్తరం దొరికితే, ఆ రెంటినీ కలిపి చదవాలి.

తేదీ లేని కాగితాలకు కొన్ని గుర్తులు చెబుతాను. చిరునామాలో ఊరి పేరు తర్వాత "డెన్వర్ 2" అన్నట్టు అంకె ఉంటే అది 1943 మే తర్వాతిది. పెద్ద నగరాలకు తపాలా జోన్ నంబర్లు వచ్చింది అప్పుడే. రెక్కలు వి ఆకారంలో చాచిన గద్ద బొమ్మతో ఊదారంగు మూడు సెంట్ల స్టాంపు 1942 జులై 4న విడుదలైంది. స్టాంపు చోట చేత్తో "ఫ్రీ" అని రాసి ఉంటే సైనికుడి ఉత్తరం, 1942 ఏప్రిల్ తర్వాతిది. టెలిగ్రాం మీద టైము పక్కన "ఎం.డబ్ల్యూ.టి." అని ఉంటే మౌంటెన్ వార్ టైమ్, అంటే కొలరాడో వైపు యుద్ధకాలపు సమయం. 1942 ఫిబ్రవరి 9 నుంచి 1945 సెప్టెంబరు 30 దాకా దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పి ఉంచారు.

అరచేతిలో పట్టేంత చిన్న ఫొటో కాగితం మీద చేతిరాత కనిపిస్తే అది వి-మెయిల్. సైనికుల ఉత్తరాలను మైక్రోఫిల్ముకెక్కించి, సముద్రం దాటాక మళ్ళీ ముద్రించేవారు. 1,50,000 ఉత్తరాలకు 37 సంచులు, 2,575 పౌండ్ల బరువు అయ్యేది కాస్తా ఒక్క సంచీ, 45 పౌండ్లకు దిగింది. విదేశాల్లోని సైనికుల ఉత్తరాలు సెన్సారయ్యేవి, కాబట్టి వారు రాయని విషయాలుంటాయి. దేశం లోపల తిరిగే మామూలు పౌరుల ఉత్తరాలకు ఆ సెన్సారు లేదు.

ఏడో పని: ఫొటోను ముందు వెనక్కి తిప్పడం

ప్రింటు చేతికొస్తే మొదట వీపు చూడండి. వార్తాసంస్థ ముద్ర, అంటించిన శీర్షిక చీటీ, తేదీ ముద్ర ఉంటాయి. ఆ తేదీ సాధారణంగా పత్రికకు చేరిందో, అచ్చయిందో చెబుతుంది. ఫొటో తీసింది అంతకుముందే అయి ఉండవచ్చు. ముందువైపు మైనపు పెన్సిలు గీతలుంటే, ఎక్కడ కత్తిరించి అచ్చువేశారో తెలుస్తుంది. గీతకు అవతల పడినవారెవరో చూడటం మరవకండి. పత్రికలో లేని మనిషి ప్రింటులో ఉంటాడు.

అప్పటి పత్రికా ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా నాలుగంగుళాలు అయిదంగుళాల ఫిల్ము రేకుల కెమెరా వాడేవారు. ఒక్కో బొమ్మకు ఒక్కో రేకు. అందుకని మనుషులను నిలబెట్టి, కలం చేతికిచ్చి, కెమెరా వైపు తిప్పి తీసేవారు. గవర్నర్ యుద్ధం కోసం సేకరించిన పాత రబ్బరు టైర్ల గుట్ట పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫొటో ఆ రోజు ఏం జరిగిందో పూర్తిగా చెప్పదు, ఏం కనబడాలనుకున్నారో చెబుతుంది.

శిబిరాల ఫొటోలకు ఇది ఇంకా వర్తిస్తుంది. 1942లో ప్రభుత్వమే డొరొథియా లాంగ్‌ను పెట్టుకుని తరలింపును ఫొటోలు తీయించింది. ముళ్ళకంచె, కాపలా బురుజులు, సాయుధ సైనికులు కనబడకూడదని ఆంక్షలు పెట్టింది. అయినా ఆమె తీసిన బొమ్మల్లోని మొహాలు చూసి అధికారులు వాటిని యుద్ధం ముగిసేదాకా తొక్కిపెట్టారు. కొన్ని ప్రింట్ల మీద "ఇంపౌండెడ్" (జప్తు చేసినది) అన్న రాత ఉంది. కాబట్టి శిబిరం ఫొటో చూస్తున్నప్పుడు చట్రం అంచుల్లో ఏం లేదో అడగండి. దానికి జవాబు తరచుగా అదే నెల ఉత్తరాల్లో దొరుకుతుంది.

తేదీ గుర్తులు ఇక్కడా ఉన్నాయి. డెన్వర్ వీధిలో కారు అద్దం మీద "ఎ" అనో "బి" అనో పెట్రోలు రేషన్ స్టిక్కరు ఉంటే 1942 డిసెంబరు 1 తర్వాతిది. తూర్పు తీరంలోనైతే అదే ఏడాది మే నుంచే రేషన్ ఉంది. బడిపిల్లలు జెండా వైపు చెయ్యి చాచి వందనం చేస్తుంటే, 1942 డిసెంబరుకు ముందుది కావచ్చు. నాజీ వందనంలా ఉందని ఆ నెలలో చట్టం మార్చి గుండెమీద చెయ్యి పెట్టమన్నారు. కానీ లాంగ్ 1942 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో బడిలో తీసిన ప్రసిద్ధ ఫొటోలో పిల్లలు అప్పటికే గుండెమీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. ఒక్క గుర్తుతో తేదీ తేల్చేయకండి, రెండు కలిస్తేనే రాయండి.

ఎనిమిదో పని: పత్రికలతో సరిచూసి, హక్కులు చూసుకుని వాడటం

కొలరాడో హిస్టారిక్ న్యూస్‌పేపర్స్ కలెక్షన్‌లో పాత పత్రికలు ఉచితంగా చదవవచ్చు. ఆమాచీ శిబిరంలోని వారు నడిపిన "గ్రనాడా పయనీర్" కూడా అక్కడ దొరుకుతుంది. ఉత్తరం తేదీకి వారం ముందు పత్రికలు తిరగేస్తే, ఆ కోపమో భయమో ఏ వార్త చదివి పుట్టిందో తెలుస్తుంది. శిబిరాల్లోని కుటుంబాల వైపు ఉత్తరాలు, ఫొటోలకు డెన్షో డిజిటల్ భాండాగారం చూడండి. గవర్నర్ ఫైళ్ళు మాత్రమే చదివితే, ఎవరి గురించి ఆ ఉత్తరాలన్నీ రాశారో వారి గొంతే వినబడకుండా పోతుంది.

ఫెడరల్ ఉద్యోగులు ఉద్యోగరీత్యా తీసిన ఫొటోలకు కాపీరైటు లేదు. వార్తాసంస్థల ఫొటోలకు ఉండవచ్చు, అడిగి వాడండి. అచ్చుకాని ఉత్తరం హక్కు కాగితం ఎవరి దగ్గరున్నా రాసినవారిదే. వారు పోయిన తర్వాత 70 ఏళ్ళ దాకా ఉంటుంది. కార్ 1950లో పోయారు కాబట్టి ఆయన సొంత ఉత్తరాలకు ఆ గడువు తీరిపోయింది. ఆయనకు రాసిన మామూలు మనుషుల సంగతి వేరు. వారి మనవలు ఇప్పటికీ ఆ ఊళ్ళలోనే ఉండవచ్చు. తిట్టు ఉత్తరాలను ఉటంకించేటప్పుడు నేనైతే పేరు తీసేసి, ఊరు, తేదీ, పెట్టె, ఫోల్డర్ నంబర్లు మాత్రం ఇస్తాను.

మొదటి రోజు ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 1942 ఏప్రిల్ 8 నుంచి 20 దాకా తేదీలున్న ఫోల్డర్ అడగండి. సాల్ట్ లేక్ సమావేశం వార్త పత్రికల్లో చదివి జనం కలం పట్టుకున్న రోజులవి. పై కాగితం తీసి, మూలనున్న మరక చూసి, దాని జత వెతకండి.